నీటి మీద దిగిన విమానం: సీటు కింది సొరబుర్ర



పూర్వం మన పల్లెల్లో ఈత నేర్చుకొనే పిల్లవాడి నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టేవారు. బుర్రలో గాలి ఉంటుంది కాబట్టి అది మునగదు, పిల్లవాణ్ణీ మునగనివ్వదు. విమానంలో మన సీటు కింద సంచిలో పెట్టి ఉండే పసుపుపచ్చ లైఫ్ జాకెట్ చేసే పని కూడా అదే. అయితే ఆ జాకెట్లో గాలి ఎప్పుడు నింపాలి అన్న ఒక్క సంగతి తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఈవేళ ఆ సంగతి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

కొండల మధ్య కొల్నారలో ఉన్న మనకు సముద్రం మీది ముచ్చట ఎందుకని మీరు అడగవచ్చు. మన నాగావళి శ్రీకాకుళం దాటి బంగాళాఖాతంలో కలిసినట్టే, ఇక్కడి మనుషులూ చదువులకో, కొలువులకో విజయనగరం మీదుగా విశాఖపట్నం చేరుతున్నారు. అక్కడ విమానం ఎక్కి సింగపూరు వైపు వెళితే దారంతా సముద్రమే. విమానం బయలుదేరే ముందు ఎయిర్‌హోస్టెస్ నిలబడి జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపిస్తుంది. మాటలు ఇంగ్లీషులోనో, హిందీలోనో వినిపిస్తాయి. కూతురి దగ్గరికి వెళుతున్న మన ముసలమ్మకు అవి అర్థం కావు. అర్థమయ్యే కుర్రవాళ్ళేమో కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. అందుకే ఆ మాటలనే మన తెలుగులో చెప్పుకోవడం.

విమానం అదుపు తప్పకుండా, పైలట్ చేతిలో ఉండగానే నీటి మీద దిగడాన్ని వైమానిక భాషలో డిచింగ్ అంటారు. ఇది చాలా అరుదు. అయినా అంతర్జాతీయ నియమాల ప్రకారం తీరం నుంచి 93 కిలోమీటర్లు దాటి సముద్రం మీద ఎగిరే విమానంలో ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి. పెద్ద విమానాలు దిగడానికి వీలైన నేలకు 740 కిలోమీటర్లు లేదా రెండు గంటల ప్రయాణం, ఏది తక్కువైతే అది దాటి పోతున్నప్పుడు, రబ్బరు తెప్పలు, అంటే లైఫ్‌రాఫ్టులు కూడా ఉండాలి.

మన దేశపు విమానానికే ఇలాంటి ఆపద ఒకసారి వచ్చింది. 1955 ఏప్రిల్ 11న 'కాశ్మీర్ ప్రిన్సెస్' అనే ఎయిరిండియా విమానం బాండుంగ్ మహాసభకు వెళ్ళే ప్రతినిధులతో హాంకాంగ్ నుంచి జకార్తాకు బయలుదేరింది. ఎవరో దాచిపెట్టిన బాంబు నడిసముద్రం మీద పేలింది. కెప్టెన్ జతార్ విమానాన్ని నీటివైపు దించుతూ ఉండగా, సిబ్బంది ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు అందించారు, అత్యవసర ద్వారాలు తెరిచారు. నటూనా దీవుల దగ్గర విమానం నీటిని తాకి ముక్కలైంది. ఉన్న 19 మందిలో ముగ్గురే బతికారు. ఆ ముగ్గురూ సిబ్బందిలోని వారే. జతార్‌నూ, ఎయిర్‌హోస్టెస్ గ్లోరియా బెర్రీనీ, బతికి బయటపడ్డ ముగ్గురినీ ప్రభుత్వం అశోక చక్ర పతకాలతో గౌరవించింది. టీ, ఫలహారాలు అందించే అమ్మాయి అసలు ఉద్యోగం ఏమిటో ఆనాడే లోకానికి తెలిసింది.

ఇక మొదట అనుకున్న సంగతికి వద్దాం. 1996 నవంబరు 23న దుండగులు దారి మళ్ళించిన ఇథియోపియా విమానం ఒకటి ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల ఒడ్డున సముద్రంలో దిగి విరిగిపోయింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. వారిలో చాలామంది దెబ్బలకు చనిపోలేదు. విమానం లోపల ఉండగానే జాకెట్లో గాలి నింపేసుకున్నారు. ఖాళీ బిందెను బోర్లించి నీళ్ళలో ముంచబోతే ఏమవుతుంది? ఎంత నొక్కినా పైకే తన్నుకొస్తుంది. వీరికీ అలాగే అయింది. లోపలికి నీరు నిండేకొద్దీ జాకెట్ మనిషిని పైకప్పుకు అంటించేసింది. తలుపు నీటి అడుగున ఉంది. కిందికి మునిగి బయటికి పోదామంటే జాకెట్ పోనివ్వదు.

కాబట్టి జాకెట్ తొడుక్కోవడం, నాడా బిగించుకోవడం సీట్లోనే చెయ్యాలి. ఎర్ర పిడిని లాగడం మాత్రం తలుపు దగ్గరికి వచ్చాకే. లాగగానే చిన్న సిలిండర్ లోని గ్యాసు జాకెట్‌ను నింపుతుంది. నిండకపోతే గొట్టంలో నోటితో ఊదాలి. భుజం దగ్గర నీరు తగిలితే వెలిగే దీపం, ఒక ఈల ఉంటాయి. చంటిపిల్లల జాకెట్లు వేరు. వాటిని సిబ్బంది తెచ్చి ఇస్తారు, ఎలా వాడాలో అప్పుడే చెబుతారు.

మరి ఆ సమయంలో సిబ్బంది ఏం చేస్తారు? వ్యవధి ఉంటే కెప్టెన్ వారికి నాలుగు ముక్కలు చెబుతాడు. వచ్చిన ఆపద ఏమిటి, తాను ఏం చెయ్యబోతున్నాడు, ఎంత సమయం ఉంది, ప్రత్యేకంగా పాటించవలసినది ఏమిటి. వెంటనే వారు ప్రయాణికులచేత జాకెట్లు తొడిగిస్తారు, ఎత్తు మడమల చెప్పులు, పదునైన వస్తువులు తీయిస్తారు, బెల్టు నడుము కిందికి బిగించి కట్టిస్తారు. ముందు సీటుకు తల ఆనించి, పాదాలు నేలకు మోపి ఉండమంటారు. విమానం ఆగాక తలుపు తెరిచే ముందు బయటికి చూడటం వారి మొదటి పని. అవతల నీరు తలుపు ఎత్తుకు వచ్చి ఉంటే ఆ తలుపు తెరవరు, జనాన్ని మరో తలుపుకు మళ్ళిస్తారు.

2009 జనవరి 15న న్యూయార్కులో హడ్సన్ నది మీద దిగిన విమానంలో ఇదే జరిగింది. పక్షులు తగిలి ఇంజన్లు దెబ్బతిన్నాక సుమారు మూడున్నర నిమిషాల్లో కెప్టెన్ సల్లెన్‌బర్గర్ దానిని నీటి మీద దించాడు. జాకెట్ల గురించి చెప్పే వ్యవధి కూడా లేదు. తోక భాగం మునిగి వెనక తలుపులు పనికిరాకుండా పోయాయి. ముగ్గురు ఎయిర్‌హోస్టెస్‌లలో వెనక ఉన్నామె కాలికి లోతైన గాయమైంది. అయినా అందరినీ ముందు తలుపులవైపూ, రెక్కలవైపూ పంపించారు. పడవలు నిమిషాల్లో చేరాయి. 155 మందీ బతికారు.

నదిలో పడవలు వెంటనే వస్తాయి. సముద్రంలో రావు. అక్కడ అక్కరకు వచ్చేది తెప్ప. కొన్ని విమానాల్లో తలుపు దగ్గర జారుడుబల్లలా విచ్చుకునేదే తెప్పగా మారుతుంది. అందరూ ఎక్కాక దాన్ని విమానానికి కట్టిన తాడు కోసి, ఒలికిన ఇంధనానికి దూరంగా తీసుకుపోతారు. గాలికి కొట్టుకుపోకుండా గుడ్డ గరాటులాంటి నీటి లంగరు వదులుతారు. నీళ్ళు తోడి పోసి, పైన గుడారం కడతారు. తెప్ప మీద మొదట చూసుకోవలసింది తిండి కాదు. ముందు ఎండ, వాన, చలి నుంచి కాపుదల. తరువాత మన జాడ ఇతరులకు తెలియజెయ్యడం. ఆ తరువాత మంచినీరు. చివరిది తిండి. దాహానికి ఆగలేక సముద్రపు నీరు తాగకూడదు. ఆ ఉప్పును బయటికి పంపడానికి తాగినదానికంటే ఎక్కువ నీటిని ఒళ్ళు ఖర్చు చేస్తుంది. వాననీరు గుడారం మీద పట్టుకోవాలి. ఒంటి మీది బట్టలు విప్పకూడదు.

జాడ తెలియజెయ్యడం ఎంత ముఖ్యమో మన విశాఖకు బాగా తెలుసు. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్టుబ్లెయిర్ వెళుతూ వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. అందులో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. దాని శకలాలు సుమారు 3,400 మీటర్ల లోతున కనిపించినట్టు 2024 జనవరిలో ప్రకటించారు. ఏడేళ్ళకు పైగా ఆ కుటుంబాలు ఎదురుచూశాయి. సముద్రం అంత పెద్దది. అందుకే తెప్పతోపాటు ఉపగ్రహాలకు అందే రేడియో సంకేతం పంపే పరికరం ఉంటుంది. వెలుగు చిమ్మే బాణసంచా, అద్దం, నీటికి రంగు వేసే పొడి ఉంటాయి. ఓడో, విమానమో కంటపడ్డాకే ఆ బాణసంచా వెలిగించాలి. అదీ గాలి వీచిపోయే వైపు చెయ్యి బయటికి చాపి. తెప్పను విడిచి ఎవరూ ఈదుకుంటూ పోకూడదు.

శ్రోతలారా, ఇవన్నీ సిబ్బందికి నేర్పుతారు. ఈతకొలనులో దింపి మరీ అభ్యాసం చేయిస్తారు. మనం చెయ్యవలసినవి చిన్న పనులు. సీట్లో కూర్చోగానే కింద చెయ్యి పెట్టి జాకెట్ సంచి ఉన్నదీ లేనిదీ తడిమి చూడండి, బయటికి మాత్రం లాగవద్దు. దగ్గరి తలుపుకు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి. చీకటిలోనూ, పొగలోనూ ఆ లెక్కే దారి చూపిస్తుంది. ముందు సీటు జేబులో బొమ్మల కార్డు ఉంటుంది. అది చూడటానికి ఏ భాషా రానక్కరలేదు. అర్థం కాకపోతే పక్కవారిని అడగండి, సిబ్బందిని అడగండి. అడగడానికి సిగ్గు పడవద్దు. 2022లో జయపురం నుంచి విశాఖకు మొదలైన తొమ్మిది సీట్ల విమానంలాంటి వాటిలో వేరే సిబ్బంది ఉండరు, పైలట్లు చెప్పేదే వినాలి. ఆపదవేళ సామానుకోసం చెయ్యి చాపవద్దు. మీ వెనక ఉన్నవారి ప్రాణం ఆ సంచికి తట్టుకొని ఆగిపోవచ్చు.

మీ ఇంట్లో రేపో ఎల్లుండో విమానం ఎక్కబోయే పెద్దవారు ఉంటే ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి: జాకెట్ లోపలే తొడుక్కోవాలి, గాలి మాత్రం తలుపు దగ్గరే నింపుకోవాలి. అది గుర్తుంటే చాలు.