కొండ కింద వెతికిన వెలుగు

ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు దారుల్లో పోతుందని మీ మాస్టారు చెప్పారా తల్లీ? మరి ఆ ఎలక్ట్రాన్లే ఉన్న చెంబు రెండు చోట్ల ఎందుకు కనబడదని అడిగావు చూడు, అది అడగాల్సిన ప్రశ్నే. పెద్దపెద్దవాళ్ళు వందేళ్ళుగా దానితో కుస్తీ పడుతున్నారు.

క్వాంటం సమీకరణంలో చెంబుకి మినహాయింపేమీ లేదు. కొలిస్తే ఒక్కచోటే దొరుకుతుందని చెప్పి పుస్తకాలు సరిపెట్టేస్తాయి. ఆ సర్దుబాటు నచ్చని ఇటలీవాళ్ళు ముగ్గురు, గిరార్డి, రిమినీ, వేబర్, 1986లో కొత్త మాట చెప్పారు. ఎవరూ చూడకపోయినా, కణాన్ని వర్ణించే తరంగం తనంతట తానే ఒకచోటికి ముడుచుకుంటుందట. ఒక్క కణానికైతే సుమారు 30 కోట్ల ఏళ్ళకోసారి. చెంబులో కణాలు లెక్కలేనన్ని కదా, వాటిలో ఒక్కటి ముడుచుకుంటే చాలు, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఈ ముడుచుకోవడానికి గురుత్వాకర్షణే కారణమన్నారు హంగరీలో డియోషి, ఇంగ్లండులో పెన్‌రోజ్.

అన్నారు సరే, తేల్చేదెలా? నాకు ఒళ్ళు పులకరించేది ఇక్కడే. ముడుచుకున్నప్పుడల్లా కణం కాస్త అదరాలి. విద్యుదావేశం ఉన్న కణం అదిరితే కిరణాలు చిమ్ముతుంది. కంటికి ఆనని ఆ వెలుగుని పట్టుకోగలిగితే చాలు!

నేల మీద అది కుదరదు. ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎడతెగకుండా పడుతుంటే ఆ వెలుగుని వెతకడం, జోరువానలో నిలబడి చెమటచుక్క కోసం తడుముకున్నట్టే. అందుకని కొందరు శాస్త్రవేత్తలు ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1,400 మీటర్ల రాతి అడుగున ఉన్న ప్రయోగశాలకి వెళ్ళారు. స్వచ్ఛమైన జెర్మేనియం దిమ్మె చుట్టూ రాగి, సీసం పొరలు పేర్చి, రెండు నెలలు కాచుకున్నారు.

పడిన ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, 576. చుట్టూ ఉన్న పదార్థాల్లోని సహజ రేడియోధార్మికత వల్లే 506 దాకా వస్తాయని లెక్కగట్టారు. డియోషి-పెన్‌రోజ్ లెక్క నిజమైతే వందరెట్లకి పైగా రావాలి. 2020లో ఆ ఫలితం వెలువడింది. సిద్ధాంతం సరళమైన రూపంలో ఇక నిలవదని తేలింది. ఏమీ కనబడకపోవడం కూడా ఎంత గట్టి సాక్ష్యమో చూశావా!

అయితే పెన్‌రోజ్ ఒప్పుకోలేదు. తన ఊహలో కిరణాలు వెలువడనక్కర్లేదన్నారు. అది న్యాయమైన వాదనే. దాన్ని తేల్చాలంటే వెలుగు కోసం కాచుకుంటే చాలదు, బరువైన వస్తువునే రెండు దారుల్లో నడిపించి చూడాలి. 2019లో వియన్నావాళ్ళు దాదాపు 2,000 పరమాణువులున్న అణువులని అలా నడిపించారు. అవి ముడుచుకోలేదు.