పంజాబులో గోధుమ కోతల సన్నాహాలు

గోధుమ పంజాబు రాష్ట్రపు ప్రధానమైన రబీ పంట. అక్టోబరు చివరి నుండి నవంబరు వరకు విత్తిన పైరు ఏప్రిల్ నెలలో కోతకు వస్తుంది. ఏప్రిల్ 13 లేదా 14న జరుపుకునే వైశాఖి ఈ కోతల పండుగ. పండిన గోధుమను చేనిలో నిలిపి ఉంచగలిగే రోజులు చాలా తక్కువ. అకాల వర్షం, వడగళ్ళు, ఈదురుగాలి, నిప్పు - వీటిలో ఏది వచ్చినా నెలల కష్టం ఒక్క పూటలో పోవచ్చు. అందువలన రైతు కుటుంబాలు మార్చి నెల నుండే కోతలకు సిద్ధమవుతాయి.

పైరు పండే దశ

గింజ పాలు పోసుకునే దశలో నేలలో తేమ చాలకపోతే గింజలు ముడుచుకుపోతాయి. కనుక మార్చిలో చివరి తడులు తప్పనిసరి. అయితే వెన్నుల బరువుతో ఉన్న పైరు మెత్తని నేలలో గాలికి ఒరిగిపోతుంది. అందుచేత గాలి వీచే రోజున నీరు పెట్టరు. పైరు బంగారు రంగుకు తిరిగి, గడ్డి పెళుసుగా మారడం పండినదనుటకు గుర్తు. వెన్నును అరచేతుల మధ్య నలిపి, రాలిన గింజను కొరికి చూస్తారు. గింజ టక్కుమని విరిగితే కోతకు సిద్ధమైనట్లే. ఆలస్యమైతే గింజలు చేనిలోనే రాలిపోతాయి.

పూర్వపు పద్ధతి

యంత్రాలు రాకముందు కోతలు వారాల తరబడి సాగేవి. కొడవళ్ళకు పదును పెట్టించడం, పనలు కట్టుటకు తాళ్ళు పేనడం, కళ్ళం చదును చేసి అలకడం ముందుగా జరిగే పనులు. ఇరుగుపొరుగు రైతులు కూలి తీసుకొనకుండా ఒకరి చేను ఒకరు కోసే పద్ధతిని పంజాబీలో ఆవత్ అంటారు. వచ్చినవారికి భోజనం పెట్టడం చేను గల కుటుంబం బాధ్యత. స్త్రీలు తెల్లవారకముందే వంట ముగించి రొట్టెలు, మజ్జిగ పొలానికి చేర్చేవారు. కోత జోరుగా సాగుటకు గట్టుపై డోలు వాయించేవారు. ఎద్దులతో తొక్కించి, గాలికి తూర్పారబట్టి గింజలు వేరుచేసేవారు. తరువాతి కాలంలో నూర్పిడికి యంత్రాలు వచ్చాయి.

కంబైన్ యంత్రాలు

ప్రస్తుతం పంజాబులో చాలా వరకు కోత, నూర్పిడి కంబైన్ యంత్రంతో ఒకేసారి జరుగుతాయి. పటియాలా జిల్లాలోని నాభా, భాద్సోం పట్టణాలు ఈ యంత్రాల తయారీకి ప్రసిద్ధి. గోధుమ ముందుగా పండే మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలకు పంజాబు కంబైన్లు మార్చిలోనే వెళ్ళి, ఏప్రిల్ నాటికి తిరిగి వస్తాయి. వరి కోతల కాలంలో ఇవి తెలుగు ప్రాంతాలకు కూడా రావడం కద్దు. అందరి చేలు ఒకేసారి పండుతాయి కనుక సొంత యంత్రం లేని రైతులు ముందుగానే వంతు మాట్లాడుకుంటారు. విత్తనానికి ఉంచే మడిలో కలుపును, ఇతర రకాల మొక్కలను ముందే ఏరివేస్తారు. ఆ మడి కోసేముందు యంత్రంలో మిగిలిన పాత గింజలను శుభ్రం చేస్తారు.

కంబైన్ వదిలిన మోళ్ళను మరొక యంత్రంతో కోసి పశువుల మేతగా నిల్వచేస్తారు. దీనిని తూడీ అంటారు. పాడి గల ఇంటికి ఇది గింజలంత ముఖ్యం.

అగ్ని భయం

ఎండిన చేనికి ఒక్క నిప్పురవ్వ చాలు. వేలాడే విద్యుత్ తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, యంత్రాల నుండి వచ్చే రవ్వల వలన ఏటా మంటలు లేస్తుంటాయి. అందుచేత తీగల క్రింద, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న పైరును ముందుగా కోస్తారు. నీటి ట్యాంకరును, మంటకు అడ్డంగా దున్నుటకు ట్రాక్టరును సిద్ధంగా ఉంచుకుంటారు.

మండీ, ఇంటి నిల్వ

పంజాబులో ప్రభుత్వ కొనుగోళ్ళు సాధారణంగా ఏప్రిల్ 1న ప్రారంభమవుతాయి. గింజలో తేమ 12 శాతం వరకు ఉంటే పూర్తి ధర లభిస్తుంది. 12 నుండి 14 శాతం వరకు ధర తగ్గిస్తారు, అంతకు మించితే కొనరు. రాత్రి మంచుకు గింజ తేమ పెరుగుతుంది కనుక జిల్లా అధికారులు రాత్రివేళ కంబైన్ కోతలను నిషేధిస్తుంటారు. 2025-26 మార్కెటింగ్ కాలానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు. పూర్వం ఈ సొమ్ము ఆఢతియా అనే కమీషన్ వ్యాపారి ద్వారా రైతుకు అందేది. ఏడాది పొడవునా అప్పు ఇచ్చేది కూడా సాధారణంగా అతడే. 2021 నుండి సొమ్ము నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది.

అమ్మకానికి ముందే కుటుంబం ఏడాది తిండికి, విత్తనానికి కావలసిన గోధుమను వేరుచేస్తుంది. ఆ గింజలను బాగా ఎండబెట్టి, చల్లార్చి, శుభ్రపరచిన ఇనుప డబ్బాలలో పోస్తారు.

ఇటీవలి అనుభవాలు

2020లో కోవిడ్ లాక్‌డౌన్ వలన పంజాబులో కొనుగోళ్ళు ఏప్రిల్ 15న మొదలయ్యాయి. మండీలలో గుంపులు చేరకుండా రైతులకు పాసులు ఇచ్చారు. 2022 మార్చిలో అసాధారణమైన ఎండలకు గింజలు ముడుచుకుపోయాయి. ముడుచుకున్న గింజల పరిమితిని కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది పంజాబు, హర్యానాలలో 6 నుండి 18 శాతానికి సడలించింది. మే 13న గోధుమ ఎగుమతులను నిషేధించింది. 2023లో కోతలకు ముందు కురిసిన వర్షాలకు పైరు ఒరిగిపోగా నాణ్యతా నిబంధనలను మరల సడలించవలసి వచ్చింది. కోత యంత్రాల వలన పని వారాల నుండి గంటలకు తగ్గినా, వాతావరణం విషయంలో రైతు ఆందోళన తగ్గలేదు.

ఇవి కూడా చూడండి

గోధుమ
వైశాఖి
హరిత విప్లవం