వీసా కోసం ఎదురుచూపు: గ్రీన్ కార్డు క్యూలో మన పేటల పిల్లలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి చివరి మాలపేట. అక్కడ మేము కలిసిన తల్లికి అమెరికా గురించి తెలిసిన మాటలు రెండే. ఒకటి డల్లాస్, రెండోది ఐ-140. ఆ రెండోది ఆమోదం పొందిందని కొడుకు ఫోన్ చేసిన రోజు ఆమె పేటంతా లడ్డూలు పంచింది. గ్రీన్ కార్డు వచ్చేసిందనుకుంది. అది జరిగి ఎనిమిదేళ్లు. "అప్పుడేమో వొచ్చీసినాదన్నాడు, ఇప్పుడేమో ఇంకా రానేదంటాడు. ఏది నిజమో మీరైనా సెప్పండి బాబూ" అని మమ్మల్ని అడిగింది.

రెండూ నిజమే. కొడుకు అబద్ధం చెప్పలేదు, తల్లి తప్పుగా వినలేదు. తప్పు ఆ వరుసలో ఉంది. ఉత్తరాంధ్ర దళిత కుటుంబాల చదువు, వలసల మీద పరిశోధన చేస్తూ మేము తిరిగిన ఇళ్లలో ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురైంది. అందుకే ఈ వరుస ఎలా నడుస్తుందో, అందులో నిలబడ్డ దళిత ఉద్యోగికి అది ఏం చేస్తుందో ఇక్కడ వివరిస్తున్నాం.

మూడు మెట్లు

చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు ఉద్యోగం దొరికాక, లాటరీలో పేరు వస్తే, హెచ్-1బీ వీసాలోకి మారతారు. దాని గడువు మామూలుగా మూడేళ్లు, మరో మూడేళ్లు కలిపి ఆరేళ్లు. ఆ తర్వాత కూడా అక్కడ ఉండాలంటే శాశ్వత నివాస అనుమతి, అంటే గ్రీన్ కార్డు కావాలి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుకు ఎక్కువమంది విషయంలో దరఖాస్తు మొదలుపెట్టేది ఉద్యోగి కాదు, కంపెనీ.

మొదటి మెట్టు పేరు పర్మ్. ఈ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ ప్రకటనలు వేసి, అక్కడి కార్మిక శాఖకు చూపించాలి. గత కొన్నేళ్లుగా ఈ ఒక్క మెట్టుకే ఏడాది పైన పడుతోంది. పర్మ్ దరఖాస్తు వేసిన తేదీయే వరుసలో మన మనిషి నిలబడ్డ చోటు. దాన్నే ప్రయారిటీ డేట్ అంటారు.

రెండో మెట్టు ఐ-140. ఈ మనిషికి ఆ ఉద్యోగానికి అర్హత ఉందని, జీతం ఇచ్చే స్తోమత తనకుందని కంపెనీ ఇమ్మిగ్రేషన్ శాఖకు వేసే దరఖాస్తు ఇది. అదనపు ఫీజు కడితే వారాల్లోనే ఆమోదం రావచ్చు. ఆ తల్లి లడ్డూలు పంచింది ఈ మెట్టు దగ్గర.

మూడో మెట్టు ఐ-485. ఉద్యోగి తన పేరున తాను వేసుకునే అసలు గ్రీన్ కార్డు దరఖాస్తు ఇదే. అయితే తన తేదీకి వంతు వచ్చేదాకా దీన్ని వేయడానికి వీల్లేదు. ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్‌లో ప్రకటిస్తుంది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య పదేళ్లు దాటిపోతున్నాయి. 2025 చివరికి భారతీయుల ఈబీ-2, ఈబీ-3 తరగతుల్లో వంతు 2013 నాటి తేదీల దగ్గరే ఉంది.

వరుస ఎందుకు కదలదు

1990లో చేసిన చట్టం ప్రకారం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఈ లెక్కలో ఉద్యోగులే కాదు, వాళ్ల భార్యలు, భర్తలు, పిల్లలు కూడా ఉంటారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతం మించి ఇవ్వకూడదన్నది నియమం. అంటే అన్ని తరగతులూ కలిపి భారతదేశానికి దాదాపు 9,800. పై చదువులు చదివినవాళ్లు వచ్చే ఈబీ-2 తరగతికి మొత్తం 40,040 కాగా, అందులో మన వాటా దాదాపు 2,800. మిగతా దేశాలవాళ్లు వాడుకోకుండా వదిలినవి కొన్నేళ్లలో మనకు కలుస్తాయి, కొన్నేళ్లలో కలవవు. అందుకే బులెటిన్‌లో తేదీ ఒక నెల ముందుకు జరుగుతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది.

ఐస్‌లాండ్ లాంటి చిన్న దేశానికీ, 140 కోట్ల మంది ఉన్న మన దేశానికీ ఇక్కడ ఒకటే పరిమితి. ఈబీ-2లో కొత్తగా చేరే భారతీయుడు 195 ఏళ్లు ఆగాల్సి రావచ్చని అమెరికా కాంగ్రెస్ పరిశోధన విభాగం 2020లో లెక్కగట్టింది. దేశాలవారీ పరిమితిని తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ దాన్ని మార్పులతో ఆమోదించింది. రెండు సభల పాఠాలూ ఒకటి కాలేదు, బిల్లు చట్టం కాలేదు.

తాడు ఎవరి చేతిలో ఉంది

ఆగడం ఒక బాధ. ఎవరి దయ మీద ఆగుతున్నామన్నది వేరే బాధ.

ఐ-140 ఆమోదం ఉంటే ఆరేళ్ల తర్వాత కూడా హెచ్-1బీని మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. 2000లో వచ్చిన చట్టం ఈ వీలు కల్పించింది. కానీ ప్రతి పొడిగింపూ కంపెనీయే వేయాలి. వేరే కంపెనీకి మారితే పాత తేదీ నిలుస్తుంది గానీ పర్మ్, ఐ-140 రెండూ కొత్త కంపెనీ మొదటినుంచి చేయాలి. పర్మ్ వేయకముందే మారితే చేతిలో తేదీ కూడా ఉండదు. ఉద్యోగం పోతే, మరో కంపెనీ దరఖాస్తు వేయడానికో, వీసా మార్చుకోవడానికో, దేశం వదలడానికో ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు.

కుటుంబం కూడా ఆ ఒక్కరి ఉద్యోగానికే కట్టి ఉంటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో జాతి ద్వేషంతో కాల్చి చంపిన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల విషయంలో లోకమంతా ఇది చూసింది. భర్తతో పాటే అక్కడ ఉండే హక్కును కూడా సునయన దుమాల కోల్పోయారు. అంత్యక్రియలకు వచ్చిన ఆమె తిరిగి వెళ్లడానికి ఒక అమెరికా చట్టసభ సభ్యుడు జోక్యం చేసుకోవలసి వచ్చింది. పిల్లల సంగతి మరో రకం. హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ వీసా పోతుంది. 2002 నాటి బాలల రక్షణ చట్టం వయసు లెక్కలో కొంత ఊరట ఇస్తుంది గానీ, పదేళ్లు దాటిన నిరీక్షణకు అది చాలదు.

అక్కడ కులం ఏం చేస్తుంది

ఇక్కడిదాకా చెప్పింది వరుసలో ఉన్న భారతీయులందరికీ వర్తిస్తుంది. అయితే తాడు పట్టుకున్న చేతికి కులం ఉంటే ఏమవుతుంది?

ఐటీ రంగంలో చాలా బృందాల్లో మేనేజరు భారతీయుడే, తరచుగా తెలుగువాడే. పర్మ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరికి ముందు, లేఆఫ్ జాబితాలో ఎవరి పేరు అనే నిర్ణయాల్లో అతని మాట చెల్లుతుంది. ఉద్యోగం మారాలన్నా రిఫరెన్సులు దొరికేది ఊరు, కాలేజీ, కులం అల్లిన వాట్సాప్ గ్రూపుల్లో. ఇంటిపేరు, ఊళ్లో ఏ వీధి, ర్యాంకు ఎంత అనే మూడు ప్రశ్నలతో కులం ఆరా తీయడం మనవాళ్లకు వచ్చిన విద్య. మాతో మాట్లాడిన ఒక యువకుడు తన ఇంట్లో అంబేడ్కర్ పటం గోడ మీద కాక బీరువాలో ఉంటుందని చెప్పాడు. వీడియో కాల్‌లో టీమ్ వాళ్లు చూస్తారని. "కార్డు వచ్చిన రోజు బయట పెడతా" అన్నాడు.

ఈ మౌనాన్ని కోర్టుదాకా తీసుకెళ్లినది సిస్కో కేసు. దళిత ఇంజనీరుపై కుల వివక్ష జరిగిందని ఆరోపిస్తూ కాలిఫోర్నియా పౌర హక్కుల శాఖ 2020 జూన్ 30న ఆ కంపెనీ మీద, ఇద్దరు పర్యవేక్షకుల మీద దావా వేసింది. ఆరోపణలను కంపెనీ తిరస్కరించింది. 2023లో ఆ ఇద్దరు వ్యక్తులపై దావాను శాఖే ఉపసంహరించుకుంది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన సెనేట్ బిల్లు 403ను గవర్నర్ న్యూసమ్ అక్టోబరు 7న తిప్పి పంపారు. ఉన్న చట్టాలే చాలునన్నది ఆయన కారణం.

చట్టం చాలునా అన్నది ఒక ప్రశ్న. దాన్ని వాడుకునే ధైర్యం ఎవరికి ఉంటుందన్నది అంతకంటే ముందు ప్రశ్న. ఫిర్యాదు చేసిన మనిషి ఉద్యోగం పోగొట్టుకుంటే మిగిలేది 60 రోజులు. కార్డు ఉన్నవాడు కోర్టుకు వెళ్లగలడు, క్యూలో ఉన్నవాడు తలొంచుకుంటాడు. ఇది మన జిల్లాకు కొత్త పాఠం కాదు. ఆధారపడి బతకాల్సినవాళ్లు తమకంటూ సాగు భూమి కోరితే ఏం జరుగుతుందో 2012 జూన్ 12న లక్ష్మీపేటలో చూశాం. మద్దివలస ప్రాజెక్టు భూముల గొడవలో ఐదుగురు దళితులను చంపారు. డల్లాస్ ఆఫీసునూ లక్ష్మీపేటనూ ఒకే గాటన కట్టడం లేదు. బతుకుతెరువు అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు నోరు ఎందుకు లేవదో మనకు తెలుసని మాత్రం చెబుతున్నాం.

ఈ చివర ఇల్లు

భూమి ఉన్న కుటుంబం కొడుకు చదువుకు పొలం తాకట్టు పెడుతుంది. మన పేటల్లో తాకట్టు పెట్టడానికి చాలామందికి ఇంటి స్థలం తప్ప ఏమీ లేదు. అందుకే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, రాష్ట్రం తెచ్చిన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటివి మనకు ప్రాణాధారం. 2022లో వచ్చిన జగనన్న విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకుల్లో ముందున్న విశ్వవిద్యాలయాలకే సాయం పరిమితం చేసింది. మామూలు విశ్వవిద్యాలయంలో సీటు దొరికిన పేట పిల్లలకు వడ్డీ అప్పే దారయింది. అప్పు ఉన్నవాడు "పోనీ, ఇంటికొచ్చేస్తా" అనలేడు. పైగా విదేశంలో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ప్రకటించాక, ఒకసారి వదిలేస్తే మళ్లీ దారి దొరకదన్న భయం ఇంకా పెరిగింది.

క్యూలో ఉన్నవాళ్లు తెలుసుకోవలసినవి

పర్మ్ ఖర్చు, దాని లాయరు ఫీజు కంపెనీయే భరించాలి. ఉద్యోగి నుంచి వసూలు చేయడం 2007 నుంచి నిషిద్ధం. జీతంలో కోసినా తప్పే.

ఐ-140 ఆమోద పత్రం నకలు అడిగి దాచుకోవాలి. అది కంపెనీ దరఖాస్తు కాబట్టి కొందరు ఇవ్వరు. అప్పుడు మన సమాచార హక్కు చట్టం లాంటి అక్కడి చట్టం కింద ఇమ్మిగ్రేషన్ శాఖకే అర్జీ పెట్టుకోవచ్చు.

ఆమోదం వచ్చి 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా, మోసం లాంటి కారణం లేకపోతే ఆ ఆమోదం రద్దు కాదు. తేదీ మనిషిదే. "వెళ్లిపోతే నీ గ్రీన్ కార్డు పోతుంది" అని ఎవరైనా బెదిరిస్తే ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఐ-485 వేసి 180 రోజులు దాటితే అదే రకం పనిలో కంపెనీ మారవచ్చు. తాడు నిజంగా వదులయ్యేది అక్కడే.

దేశం లెక్క పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరుసలో నిలబడవచ్చు.

వివక్ష జరిగితే తేదీ, మాట, సాక్షి రాసి పెట్టుకోవాలి. ఫిర్యాదు ఈ రోజే చేయనక్కర్లేదు. కానీ ఫిర్యాదులకు గడువులుంటాయి కాబట్టి, కంపెనీ లాయరును కాక సొంత లాయరును ముందే కలవాలి. కంపెనీ లాయరు కంపెనీ మనిషి.

పాత వీసా కథ

అంబేడ్కర్ తన అనుభవాలు రాసిన ఒక చిన్న పుస్తకం పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఆయనకూ ఒక స్పాన్సర్ ఉండేవాడు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. తిరిగొచ్చి పదేళ్లు ఆ సంస్థానంలో పనిచేయాలన్నది షరతు. 1917లో ఆ మాట నిలబెట్టుకోవడానికి బరోడా వెళితే ఆయనకు తలదాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో కులం దాచి ఉండాల్సి వచ్చింది. అది తెలిసిన మనుషులు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. అమెరికా డిగ్రీ, రాజుగారి కొలువు, రెండూ ఉన్నా ఉండడానికి అనుమతి మాత్రం కులమే ఇవ్వాలి.

నూరేళ్లు దాటాక ఆయన పటం బీరువాలో పెట్టుకుని మన పిల్లలు అదే అమెరికాలో మరో అనుమతి కోసం ఆగుతున్నారు. దేశాలవారీ పరిమితి పోవాలని అడిగే భారతీయ సంఘాలు చాలా ఉన్నాయి. ఆ డిమాండు న్యాయమైనదే. పుట్టుక చూసి మనిషిని వెనక నిలబెట్టడం అన్యాయమని అవి వాదిస్తాయి. ఆ వాదన నిజంగా నమ్మేవాళ్లు కుల వివక్షను నిషేధించే చట్టాల పక్కన కూడా నిలబడాలి. పుట్టుక లెక్క వాషింగ్టన్‌లో తప్పయితే ఆఫీసు గదిలోనూ తప్పే.

ఆ తల్లికి మేము ఇదంతా చెప్పలేదు. కాగితం మీద మూడు మెట్లు గీసి, రెండో మెట్టు మీద ఆమె కొడుకుని చూపించాం. చాలాసేపు చూసి, "అయితే వాడు కింద పడిపోనేదు కదా" అంది. పడిపోలేదు. ఆ కాగితం మడిచి, కొడుకు పదో తరగతి మార్కుల జాబితా ఉన్న కవర్లో పెట్టుకుంది.