చచ్చినవాడు మళ్ళీ లేవని ఆట

రాబర్ట్‌సన్‌పేటలోగాని, ముళబాగిలు పక్కన పల్లెలోగాని, పిల్లవాడు ఫోను పట్టుకుని ఉన్నట్టుండి "అయ్యో, చచ్చిపోయా!" అని అరుస్తాడు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఈ ఆటల్లో ఒక జాతి ఉంది. అందులో ఒకసారి చస్తే ఇక అంతే. ఆ జాతి సంగతి ఈ పూట చెప్పుకుందాం.

దీనికి మూలపురుషుడు 'రోగ్' అనే ఆట. 1980 ప్రాంతంలో అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ మొదలుపెట్టారు. తరువాత కెన్ ఆర్నాల్డ్ కలిశాడు. బొమ్మలు లేవు. ఈమెయిలు చిరునామా మధ్యలో వచ్చే 'ఎట్' గుర్తే మన వీరుడు. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఇరవైయారూ రాక్షసులు. అంతస్తు తరువాత అంతస్తు భూమిలోకి దిగాలి, బంగారం ఏరుకోవాలి, 26వ అంతస్తుకు చేరి అక్కడి తాయెత్తు పట్టుకుని తిరిగి పైకి రావాలి. దిగడం, బంగారం అనే రెండు మాటలు కేజీఎఫ్ వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

మన వైకుంఠపాళి చూడండి. పాములెక్కడున్నాయో ముందే కనిపిస్తుంది. పెద్దపాము మింగినా కిందికి జారతామేగాని ఆటలోంచి పోము. రోగ్‌లో ఈ రెండూ తలకిందులు. కంప్యూటరు తెరను వరసకు మూడు చొప్పున తొమ్మిది గళ్ళు చేసుకుంటుంది. ఏ గడిలో ఎంత గది, అసలు గది ఉండాలా వద్దా అన్నది చీటీ తీసినట్టు అప్పటికప్పుడు తేలుస్తుంది. ఆ తరువాత ఏ గదీ ఒంటరిగా మిగలకుండా సొరంగాలు కలుపుతుంది. నిజానికి అది చీటీ కాదు, లెక్కే. గడియారాన్ని బట్టి ఒక సంఖ్యను విత్తనంగా తీసుకుని, దాన్నుంచి మిగతా సంఖ్యలు పుట్టిస్తుంది. అదే విత్తనం వేస్తే అదే చిక్కుదారి మొలుస్తుంది. రాసినవాళ్ళక్కూడా తమ ఆట కొత్తగా ఉండాలనే ఈ ఏర్పాటు.

మరి దారి కంఠస్థం చేసి లాభమేముంది? ఏమీ లేదు. నిన్న గాయం మాన్పిన నీలం మందు ఇవాళ కళ్ళు పోగొట్టవచ్చు. ఏ రాక్షసుడు ఎలా కొడతాడు, ఎప్పుడు పారిపోవాలి, ఆకలికి ఎంత తిండి మిగుల్చుకోవాలి, ఇవే నేర్చుకోవలసినవి. బట్టీ చదువులతో విసిగిన ఉపాధ్యాయుణ్ణి కాబట్టి, ఈ ఒక్క గుణానికి నేను మార్కులు వేస్తాను.

అయితే ఒక తేడా పిల్లలకు చెప్పాలి. మన ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అడుగున రాయి వేడి అరవై డిగ్రీల పైమాట. అంత లోతులో బరువుకు ఒత్తుకుపోయిన రాయి ఉన్నట్టుండి పేలేది. రాక్ బర్స్ట్ అనేవారు. ఆటలో చచ్చినవాడే తన తప్పు తెలుసుకుని మళ్ళీ దిగుతాడు. గనిలో పోయినవాడి అనుభవం వాడితోనే పోయింది. నేర్చుకున్నది పక్కన బ్రతికి బయటపడ్డవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ బ్రతికినవాళ్ళు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఆట గురించి అడిగే పిల్లలను ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోబెట్టండి.

రోగ్‌లో వీరుడు చస్తే తెరమీద సమాధిరాయి కనిపిస్తుంది. పేరు, చంపినదెవరు, చేతిలో ఎంత బంగారం ఉంది, అన్నీ ఆ రాతిమీదే. ఆ అంకె పక్కన 'ఏ-యు' అని రెండక్షరాలుంటాయి. రసాయన శాస్త్రంలో అది బంగారానికి గుర్తని మన హైస్కూలు పిల్లలు చెప్పగలరు.

1987లో వచ్చిన 'నెట్‌హ్యాక్' దీని సంతానమే. అందులో పికాసులు పట్టుకుని గోడలు తవ్వుకుంటూ వచ్చే మరుగుజ్జుల గనులున్నాయి. ఉచితంగానే దొరుకుతుంది.

చివరగా తల్లులకు ఒక మాట. అన్నానికి పిలిస్తే "ఇప్పుడు ఆపితే అంతా పోతుందమ్మా" అంటాడు. నమ్మకండి. ఈ రెండు ఆటల్లోనూ పెద్ద 'ఎస్' నొక్కితే ఆట ఉన్నచోటే భద్రంగా ఆగుతుంది. తిరిగి తెరవగానే ఆ దాచిన ప్రతి చెరిగిపోతుంది, కాబట్టి చావు తప్పించుకోవడానికి పనికిరాదు. భోజనం చేసి రావడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది.