సేవకు సన్మానం: ఎంపికే ప్రాణం

వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, ఇంటికి పింఛను తెచ్చే సిబ్బంది రోజూ బాగా పనిచేస్తే మన కంటికి ఆనరు. ఒక్కరోజు రాకపోతే గుర్తుకొస్తారు. ఈ లోటు తీర్చేదే సన్మానం.

2021 ఉగాదికి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లకు మూడు స్థాయిల పురస్కారాలు మొదలయ్యాయి: సేవామిత్రకు రూ.10 వేలు, సేవారత్నకు రూ.20 వేలు, సేవావజ్రకు రూ.30 వేలు. అప్పట్లో నెలకు రూ.5 వేల గౌరవ వేతనంతో పనిచేసినవారికి ఇది చిన్న మొత్తం కాదు. ఏడాదిపాటు ఫిర్యాదు లేకుండా సేవ చేసినవారికి మొదటి స్థాయి దక్కేది. పై రెండూ కొందరికే దక్కేవి.

ఈ విభజన మంచిది. తరగతిలో మొదటి ర్యాంకుకే బహుమతి ఇస్తే మిగతా పిల్లలు ప్రయత్నం మానేస్తారు. అందరికీ ఒకటే ఇస్తే కష్టపడినవాడికి ఉత్సాహం పోతుంది.

అయితే ఎంపిక నియమాలు అందరికీ ముందే తెలియాలి. సేవ పొందిన వృద్ధులను, వితంతువులను అడిగి పేర్లు తీసుకోవాలి. సిఫారసుతో కప్పిన శాలువా ఒకరిని సంతోషపెట్టి పదిమందిని నిరుత్సాహపరుస్తుంది.

దాతలకు నా మనవి: మన సొసైటీ సభలో ఏటా ఒక పారిశుద్ధ్య కార్మికురాలిని పిలిచి, ఆమె చేసిన పనిని చదివి వినిపిద్దాం. జ్ఞాపిక చిన్నదైనా సరే, మిగిలిన సొమ్ము ఆమె పిల్లల చదువుకు అందిద్దాం.