ప్రూఫ్ సవరన్లు: తూకానికి ఒక ధర, ముద్రకు మరో ధర

(మా వాణిజ్య విలేఖరి)

బులియన్ మార్కెట్టులో సవరనుకు ధర కట్టేది తూకాన్నీ, మేలిమినీ బట్టి మాత్రమే. బ్రిటిష్ సవరను తూకం 7.988 గ్రాములు. 22 క్యారట్లు గనుక అందులోని స్వచ్ఛమైన బంగారం 7.322 గ్రాములు. పాత నాణేలు సేకరించేవారి లెక్క వేరు. వారు సంవత్సరం, టంకశాల గుర్తు, ఉపరితలం చూస్తారు. ఈ తేడా తెలియక అరుదైన నాణేన్ని కరిగించడానికి ఇచ్చేవారు నష్టపోతారు.

‘ప్రూఫ్’ అన్నది నాణెం ఎంత బాగుందో చెప్పే మాట కాదు. ఎలా ముద్రించారో చెప్పే మాట. మెరుగుపెట్టిన అచ్చులతో, ప్రత్యేకంగా తయారుచేసిన బిళ్ళలపై ఒకటికి మించి దెబ్బలు కొట్టి వీటిని ముద్రిస్తారు. అక్షరాలు, అంచు పదునుగా ఉంటాయి.

1931లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలింది. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకానికి లండన్ టంకశాల నాలుగేసి నాణేల బంగారు ప్రూఫ్ సెట్లు 5,501 మాత్రమే విడుదల చేసింది. ఆ ఏటి సవరనులన్నీ ప్రూఫ్‌లే. మామూలు సవరను అంచున ఉండే గీతలు వీటికి ఉండవు.

1902 నాటి ఏడవ ఎడ్వర్డు ప్రూఫ్ సవరనులు 15 వేలకు పైగా ఉన్నాయి. ఇవి అద్దంలా మెరవవు; పుట్టుకతోనే మసక. మురికి అనుకొని రుద్దితే విలువ పోతుంది.

బొంబాయిలో 1918లో ముద్రించిన సవరనులకు గుర్రం కింద నేలపై ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటుంది. 12 లక్షలకు పైగా వెలువడిన ఇవి చలామణి కోసం ముద్రించినవి. మెరుగు పెట్టించినంత మాత్రాన ప్రూఫ్‌లు కావు. భూతద్దం కింద ఆ మెరుగు సన్నని గీతలుగా బయటపడుతుంది.

గ్రేడింగుకు ఆధారం అమెరికాకు చెందిన డాక్టర్ విలియం షెల్డన్ 1949లో ప్రవేశపెట్టిన 70 పాయింట్ల కొలమానం. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. సంస్థలు నాణేలకు గ్రేడు కట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇవ్వడం ఆరంభించాయి. రుద్ది కడిగిన నాణేనికీ, కాసుల పేరు కోసం కొక్కెం అతికిన నాణేనికీ సాధారణంగా అంకె ఇవ్వరు. అటువంటి వాటికి మిగిలేది చాలావరకు బంగారం ధరే.

చట్టాన్నీ గమనించాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఇతరులు దానిని ఎగుమతి చేయరాదు. 1902, 1918 నాణేలు ఈ కోవలోకి వస్తాయి.

కొనేవారు మొదట ఆనాటి మేలిమి గ్రాము ధరను 7.322తో హెచ్చవేసి చూసుకోవాలి. అడిగిన ధరలో అంతకు మించినదంతా ముద్రకు ఇచ్చే ప్రీమియమే. దానికి ఆధారం చూపమని అమ్మకందారును అడగాలి. ఇంట్లో పాత సవరను ఉన్నవారు చింతపండుతోగానీ, కుంకుడు రసంతోగానీ తోమకుండా, అంచులు పట్టుకొని, బంగారు వర్తకుడికీ నాణేల వర్తకుడికీ ఇద్దరికీ చూపించిన తరువాతే బేరం కుదుర్చుకోవడం మేలు.