సినిమా కంటే ముందే పుట్టిన బాణీలు

2001లో వచ్చిన ‘అమేలీ’ సినిమా చూసినవాళ్లెవరైనా ముందు తలుచుకునేది అందులోని అకార్డియన్‌నే. ఆ వాల్ట్జ్ నాట్యబాణీ చెవిన పడగానే ‘ఇది అసలైన పారిస్ సంగీతం’ అనేస్తారు. నేను సగమే ఒప్పుకుంటాను. దాన్ని కూర్చిన యాన్ టియర్సెన్ పారిస్‌వాడు కాదు. ఫ్రాన్స్ పడమటి కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న బ్రెస్ట్‌లో 1970లో పుట్టాడు. పైగా ఆ బాణీల్లో చాలావాటిని సినిమా కోసం కట్టలేదు. దర్శకుడు జాన్ పియర్ జునే ఆయన పాత ఆల్బమ్‌లు విని మనసు పారేసుకుని, నచ్చినవి ఏరుకున్నాడు. కొన్ని మాత్రం కొత్తగా చేయించుకున్నాడు.

నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. అందుకే నా చెవి ముందు అకార్డియన్ దగ్గరే ఆగుతుంది. రెండూ ఒక తల్లి పిల్లలే. గాలి తగిలి సన్నని రీడు అదిరితేనే స్వరం పలుకుతుంది. మన పెట్టెకు మూలమైన వాయిద్యం కూడా 1840ల్లో పారిస్‌లో తయారైందే. అకార్డియన్ బెలోస్ (గాలితిత్తి) లాగడం ఆపి నొక్కడం మొదలుపెట్టే చోట స్వరం లిప్తపాటు తడబడుతుంది. ఆ తడబాటే ఈ సంగీతానికి ప్రాణం.

ఆ వాల్ట్జ్‌కు వెనక పెద్ద కథే ఉంది. ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ కొండల నుంచి పొట్ట చేతపట్టుకుని పారిస్ చేరినవాళ్లు తమ ఊరి తిత్తివాయిద్యంతో నాట్యాలు చేసుకునేవారు. తర్వాత ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు అకార్డియన్ తెచ్చారు. రెండూ కలిసి ‘మ్యూజెట్’ అయింది. మూడు దెబ్బల నడక, మన తిశ్రమే. ‘పారిస్ సంగీతం’ అనుకునేది వలసకూలీల సొత్తు!

ఇక అదే సినిమాలోది, పియానో నేర్చుకునే ప్రతివాళ్లూ వాయించే ‘కొంతీన్’ సంగతి. ఎడమచెయ్యి నాలుగే కార్డుల చుట్టూ తిరుగుతుంది. కుడిచెయ్యి నిదానంగా మొదలై, పరుగందుకుని, అదే బాణీని పైస్థాయిలో పలికిస్తుంది. రెండున్నర నిమిషాలైనా ఉండదు. అంత తక్కువ సరంజామాతో అంత దిగులు పలికించడం సామాన్యమైన విద్య కాదు.

దయచేసి సినిమా దగ్గరే ఆగిపోకండి. 1998 నాటి ‘ల ఫార్’ ఆల్బమ్ వినండి. అమేలీ రికార్డులో పియానో మీద వినిపించే ‘సుర్ ల ఫిల్’ అందులో వయొలిన్ మీద ఉంటుంది. నా మట్టుకు వయొలిన్‌దే పైచేయి.